గాడిలో దాగిన గానం

మాటలు కూడా మనుషుల వలెనే దేశాంతరం వెళ్ళినప్పుడు వేషం మార్చుకుంటాయి. ఒక్కొక్కప్పుడు స్వభావాన్ని సైతం మార్చుకుంటాయి. అందుకు ‘డీజే’ అనే మాట చక్కని ఉదాహరణ. తెలుగునాట ఈ మాట వినగానే స్ఫురించేది ఒక లారీ, దానిమీద పేర్చిన పెద్ద పెద్ద సౌండు బాక్సులు, వాటి ధాటికి కంపించే కిటికీ రెక్కలు. పెళ్ళి ఊరేగింపులోనైనా, వినాయక నిమజ్జనంలోనైనా ‘డీజే పెట్టారు’ అంటే ఇక చెవులు మూసుకోవలసిందేనని పెద్దలు నిశ్చయించుకుంటారు. 2024లో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించవలసి వచ్చిందంటే, ఈ మాటకు పట్టిన అపకీర్తి ఎంతటిదో ఊహించవచ్చు.

అసలు ‘డీజే’ అన్నది ‘డిస్క్ జాకీ’ అనే మాటకు పొడి అక్షరాల రూపం. డిస్క్ అంటే గ్రామఫోను ప్లేటు. జాకీ అంటే పందెపు గుర్రాన్ని నడిపే రౌతు. అమెరికా రేడియోలో రికార్డులు వేసి వినిపించే వ్యాఖ్యాతలకు మొదట ఈ పేరు వచ్చింది. గుర్రం బలం గుర్రానిదే. కాని దానిని ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కళ్ళెం బిగించాలో ఎరిగిన నేర్పు రౌతుది. అట్లే పాట గాయకునిది, వాద్యం వాద్యకారునిది. ఏ వేళకు ఏ పాట, ఏ పాట వెంట ఏ పాట అన్న వివేకం మాత్రం డీజేది. ఈ అర్థంలో డీజే శబ్దం చేసేవాడు కావడానికి ముందు శ్రద్ధగా వినేవాడు.

అమెరికా, ఐరోపా నగరాలలో ఇటువంటి డీజేలలో చాలామందికి ఇది పూర్తికాలపు వృత్తి కాదు. పగలు ఏ కార్యాలయంలోనో, పాఠశాలలోనో, దుకాణంలోనో ఉద్యోగం చేసి, శనివారం రాత్రి రికార్డుల పెట్టె భుజాన వేసుకొని వెళ్ళి, పదిమంది చేత నాట్యం చేయించి, తెల్లవారుజామున ఇల్లు చేరుకుంటారు. వారి సంపాదనలో చెప్పుకోదగిన భాగం మళ్ళీ రికార్డులకే ఖర్చవుతుంది. లోకం దీనిని వ్యసనమంటుంది. పనికిమాలిన పాత సామాను పోగుచేయడమంటుంది. ఈ నింద ఎంతవరకు న్యాయమైనదో తెలియాలంటే ఆ రికార్డు ఏమిటో, ఆ డిస్కో ఏమిటో, ఆ సేకర్త చేసే పని ఏమిటో ముందుగా తెలుసుకోవాలి.

లక్క నుంచి వినైల్ వరకు

1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ధ్వనిని నిలువచేసి తిరిగి వినిపించే ఫోనోగ్రాఫును కనిపెట్టారు. అందులో ధ్వని ఒక స్తూపం మీద నమోదయ్యేది. 1887లో ఎమిల్ బెర్లినర్ స్తూపానికి బదులు బల్లపరుపు ప్లేటును ఉపయోగించే గ్రామఫోనుకు పేటెంటు పొందారు. స్తూపాలకంటె ప్లేట్లను ఒకే అచ్చు నుంచి అనేక ప్రతులుగా తీయడం సులభం. ముద్రణాయంత్రం గ్రంథానికి చేసిన మేలును బెర్లినర్ ప్లేటు గానానికి చేసిందనడం అతిశయోక్తి కాదు.

ఆనాటి ప్లేట్లలో ప్రధాన ద్రవ్యం లక్క. లక్క పురుగులు చెట్ల కొమ్మలపై స్రవించే ఈ జిగురును ఆ రోజులలో ప్రపంచానికి సమృద్ధిగా అందించిన దేశం భారతదేశమే. న్యూయార్కులో గాని, లండనులో గాని పాడిన పాట భారతీయ వనాలలోని లక్క మీద నిలిచిందన్నమాట. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానాన్ని నమోదు చేయడంతో భారతీయ సంగీతానికి కూడా రికార్డుల యుగం ఆరంభమైంది. 1908లో కలకత్తాలోని సియాల్దాలో ప్లేట్లు అచ్చువేసే కర్మాగారం వెలిసింది. లక్క ప్లేటు నిమిషానికి సుమారు 78 సార్లు తిరిగేది. పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపున మూడు నిమిషాల గానమే పట్టేది. చేయి జారితే పగిలిపోయేది.

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ వినైల్ అనే ప్లాస్టిక్కుతో చేసిన లాంగ్‌ప్లే రికార్డును విడుదల చేసింది. అదే ఎల్‌పీ. ఇది నిమిషానికి 33 1/3 సార్లు తిరుగుతుంది. ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా గానం పడుతుంది. కంటికి అనేక వలయాల వలె కనిపించినా, నిజానికి దాని మీద ఉండేది వెలుపలి అంచు నుంచి లోపలికి చుట్టుకుంటూ పోయే ఒకే ఒక గాడి. దానిని సాగదీసి కొలవగలిగితే ఒక్కొక్క వైపున సుమారు అర కిలోమీటరు పొడవు ఉంటుంది. ఆ గాడి గోడలలోని వెంట్రుకవాసి వంకరలే వీణానాదం, మృదంగధ్వని, మానవకంఠం. వజ్రపు ముల్లు ఆ వంకరల వెంట కదులుతూ కంపిస్తుంది. ఆ కంపనం విద్యుత్తుగా మారి, విద్యుత్తు తిరిగి ధ్వనిగా మారుతుంది. ముత్యమంత ధూళి అక్కరలేదు, నలుసంత ధూళి చాలు, గాడిలో చేరి చిటపటలాడించడానికి. ఇంత సుకుమారమైన వస్తువు కనుకనే దానికి సంరక్షకుడు కావలసి వచ్చాడు.

రికార్డుల గ్రంథాలయం

‘డిస్కో’ అనగానే మెరిసే దుస్తులు, తిరిగే అద్దాల బంతి, 1977 నాటి ‘సాటర్‌డే నైట్ ఫీవర్’ చలనచిత్రం గుర్తుకు వస్తాయి. కాని ఆ మాట పుట్టుక వేరు. ఫ్రెంచి భాషలో గ్రంథాలయాన్ని ‘బిబ్లియోతెక్’ అంటారు. ఆ పోలికతోనే రికార్డుల నిలయానికి ‘డిస్కోతెక్’ అనే పేరు ఏర్పడింది. వాద్యబృందానికి బదులు రికార్డులు వేసి నాట్యం చేయించే చోటుకు అదే పేరు స్థిరపడి, వాడుకలో ‘డిస్కో’ అయింది. అంటే డిస్కో అన్నది పుట్టుకతో ఒక గ్రంథాలయం. దాని గ్రంథపాలకుడే డీజే.

ఈ అర్థాన్ని అక్షరాలా ఆచరణలో చూపినవారు న్యూయార్కు నగరానికి చెందిన డేవిడ్ మంకూసో. ఆయన బాల్యం యుటికా పట్టణంలోని అనాథాశ్రమంలో గడిచింది. అక్కడ సిస్టర్ ఎలీషియా అనే సన్యాసిని పిల్లలకు రికార్డులు వేసి, బుడగలు కట్టి, చిన్న చిన్న వేడుకలు జరిపించేది. తల్లిదండ్రుల నీడ లేని పిల్లలకు ఆ రికార్డు పెట్టె చుట్టూ ఒక కుటుంబం ఏర్పడింది. మంకూసో పెద్దవాడైన తరువాత 1970 ఫిబ్రవరి 14న న్యూయార్కు బ్రాడ్‌వే వీధిలోని తన నివాసంలోనే ఒక వేడుక జరిపారు. అది క్రమంగా వారం వారం జరిగే గోష్ఠిగా మారి ‘ది లాఫ్ట్’ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది. అక్కడ మద్యం అమ్మరు. పండ్లు, పానీయాలు, ఆహారం అతిథులకు ఉచితం. ఆహ్వానం ఉన్నవారికే ప్రవేశం. కాని ఆ ఆహ్వానానికి జాతిగాని, ధనంగాని అడ్డు కాదు. నల్లజాతివారు, లాటిన్ అమెరికా మూలాలు కలవారు, స్వలింగ ప్రియులు, స్త్రీలు, పేద కళాకారులు, ఇలా బయటి లోకంలో చిన్నచూపునకు గురైన ఎందరో అక్కడ ఒకే లయకు అడుగులు కలిపారు. అనాథాశ్రమంలోని బుడగలు ఈ ఇంటి కప్పుకు కూడా వేలాడాయి.

మంకూసో గొప్పతనం మరొకటి ఉన్నది. ఇతర డీజేలు ఒక పాటలో మరొక పాటను కలపడంలో పోటీ పడుతూ ఉంటే, ఆయన కొంతకాలానికి ఆ కలయికనే విరమించుకున్నారు. ప్రతి రికార్డును మొదటి నుంచి చివరి వరకు, దాని సహజ వేగంలోనే వినిపించసాగారు. కళాకారుడు ఎట్లా సంకల్పించాడో అట్లానే వినిపించడం తన ధర్మమని ఆయన భావన. 1975లో ఆయన ఇతర డీజేలతో కలిసి ‘రికార్డ్ పూల్’ అనే సహకార వ్యవస్థను నెలకొల్పారు. అప్పటి డీజేల ఆదాయం స్వల్పం. ప్రతి వారం వెలువడే కొత్త రికార్డులన్నిటినీ కొనే శక్తి వారికి లేదు. ఈ వ్యవస్థ ద్వారా కంపెనీలు కొత్త రికార్డులను ఉచితంగా ఇచ్చేవి. బదులుగా డీజేలు వాటిపై తమ అభిప్రాయాలను, నాట్యకారుల స్పందనను తెలియజేసేవారు. ఒకరితో ఒకరు పోటీ పడవలసిన వారు సంపదను పంచుకోవడానికి ఒక్కటి కావడం గమనింపదగిన విషయం.

రెండు ప్లేట్లు, ఒక లయ

పాటను పూర్తిగా వినిపించడం ఒక పద్ధతి అయితే, రెండు పాటలను అతుకు తెలియకుండా కలపడం మరొక విద్య. న్యూయార్కులోని ‘శాంక్చువరీ’ అనే నాట్యశాలలో ఫ్రాన్సిస్ గ్రాసో 1970 ప్రాంతంలో ఈ విద్యకు బాట వేశారు. తిరిగే పీఠం మీద మెత్తని గుడ్డ పరచి, దానిమీద రికార్డును వేలితో ఆపి ఉంచి, సరిగ్గా తాళం పడే క్షణంలో వదలడం ఆయన నేర్పు. కింద యంత్రం తిరుగుతూనే ఉంటుంది. పైన పాట మాత్రం ఆజ్ఞకై వేచి ఉంటుంది.

ఈ విద్యకు తోడుపడిన యంత్రం జపానులో తయారైన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200. 1972లో ఇంట్లో సంగీతం వినేవారి కోసం విడుదలైన ఈ టర్న్‌టేబుల్ డీజేల చేతిలో వాద్యమై కూర్చున్నది. 1979లో వచ్చిన దాని రెండవ రూపంలో వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికి, తగ్గించడానికి ఒక మీట అమర్చారు. దాని ఉపయోగం చిన్న లెక్కతో తెలుస్తుంది. మొదటి పాటలో నిమిషానికి 120 దరువులు, రెండవ పాటలో 125 దరువులు ఉన్నాయనుకుందాం. రెండవ దానిని 4 శాతం తగ్గిస్తే రెండు పాటల నడక ఒకటవుతుంది. డీజే ఒక చెవితో నాట్యశాలలో మోగుతున్న పాటను, హెడ్‌ఫోను పెట్టుకున్న రెండవ చెవితో రాబోయే పాటను వింటాడు. రెండు దరువులు ఒకదానిపై ఒకటి పడేవరకు మీటను సవరిస్తాడు. నాట్యం చేసేవారికి పాట ఎప్పుడు మారిందో తెలియదు. ఈనాడు ఈ పనిని కంప్యూటరు క్షణంలో చేస్తుంది. కాని చెవితో చేసినవానికి అలవడే తాళజ్ఞానాన్ని కంప్యూటరు ఇవ్వదు.

రికార్డు రూపం కూడా డీజేల అవసరాన్ని బట్టి మారింది. పాత 7 అంగుళాల రికార్డు మీద మూడు నాలుగు నిమిషాల పాటే పట్టేది. నాట్యం ఊపందుకునే వేళకు పాట ముగిసేది. 1970ల నడుమ టామ్ మౌల్టన్ అనే శబ్ద సంకలనకర్త తన పాటకు నమూనా ప్లేటు చేయించబోగా చిన్న ఖాళీ ప్లేట్లు నిండుకోవడం వల్ల పెద్ద ప్లేటు మీద చెక్కించవలసి వచ్చింది. స్థలం ఎక్కువ కావడంతో గాడులు ఎడమెడంగా, వెడల్పుగా పడ్డాయి. ధ్వని మునుపటికంటె గంభీరంగా పలికింది. ఆ విధంగా లేమి నుంచి లాభం పుట్టింది. 1976లో ‘టెన్ పర్సెంట్’ అనే పాట 12 అంగుళాల సింగిలుగా అంగడిలోకి వచ్చింది. వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే ఆ పాటను తొమ్మిది నిమిషాలకు పైగా విస్తరించి కూర్చారు. అప్పటివరకు పాటను ఎన్నుకునేవాడు, ఇప్పుడు పాట నిర్మాణంలో భాగస్వామి అయ్యాడు.

అయినను, తాను పాడనివాడు, వాయించనివాడు కళాకారుడెట్లా అవుతాడని సందేహం కలగవచ్చు. దీనికి సమాధానం భారతీయ అలంకారశాస్త్రంలో వెయ్యేండ్లకు పూర్వమే ఉన్నది. రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండు విధాలుగా విభజించాడు. కావ్యాన్ని సృష్టించే శక్తి కారయిత్రి. అది కవిది. కావ్యంలోని సౌందర్యాన్ని గుర్తించి ఆస్వాదించే శక్తి భావయిత్రి. అది సహృదయునిది. కవి నాటిన చెట్టు ఫలించేది భావకుని హృదయంలోనే. మంచి డీజే భావయిత్రీ ప్రతిభ కలవాడు. వేల పాటలలో ఒక మరుగుపడిన పాటను గుర్తించడం, దానికి తగిన ముందు పాటను, తరువాతి పాటను సమకూర్చడం, ఎదుట ఉన్న జనుల అలసటను, ఉత్సాహాన్ని ఎప్పటికప్పుడు కనిపెట్టడం సామాన్యమైన శక్తి కాదు. వేదికపై ఉన్న అవధాని సభను చదివినట్లు అతడు నాట్యశాలను చదువుతాడు.

సేకర్త జీవితం

ఈ ప్రతిభకు పునాది సేకరణ. తీరిక సమయపు డీజే ఆదివారాన్ని పాత సామాను సంతలలో, మూలబడ్డ దుకాణాలలో, ఇల్లు ఖాళీ చేస్తున్నవారి గుమ్మాల ముందు గడుపుతాడు. మోకాళ్ళ మీద కూర్చుండి, ధూళి పట్టిన పెట్టెలలో ఒక్కొక్క అట్టను వేలితో ముందుకు వంచుతూ పోతాడు. నచ్చిన ప్లేటు దొరికితే వెలుతురుకు ఎదురుగా పట్టి గీతలు పరిశీలిస్తాడు. పాట ముగిసిన తరువాత కాగితపు చీటీకి చేరువలో నున్నని జాగా ఉంటుంది. అక్కడ చెక్కిన సన్నని అక్షరాలను, అంకెలను బట్టి అది ఏ అచ్చు నుంచి వచ్చిన ప్రతియో తెలుసుకుంటాడు. పరిష్కర్త తాళపత్ర ప్రతుల పాఠభేదాలను సరిచూచినట్లే ఇదీ ఒక విద్య.

ఇంటికి వచ్చిన తరువాత మరొక పని ఆరంభమవుతుంది. మెత్తని కుంచెతో ధూళి తుడవాలి. కడిగి ఆరబెట్టాలి. లోపలి సంచి మార్చాలి. ప్లేట్లను ఒకదానిపై ఒకటి పేర్చకుండా పుస్తకాల వలె నిలువుగా నిలపాలి. ఎండ తగిలితే ప్లేటు వంగిపోతుంది. తేమ తగిలితే బూజు పడుతుంది. అట్టతో కలిపి ఒక్కొక్క రికార్డు సుమారు 200 గ్రాములు తూగుతుంది. వెయ్యి రికార్డులంటే రెండు క్వింటాళ్ళ బరువు. ఇల్లు మారవలసి వచ్చినప్పుడు ఆ బరువు ఎంతటిదో అతని కుటుంబానికి బాగా తెలుసు. ఇంటిలో స్థలం తగ్గుతుంది. నెల జీతం తగ్గుతుంది. భార్యాబిడ్డలతో గడపవలసిన శనివారం తగ్గుతుంది. ఈ మూల్యం నిజమైనది. దానిని దాచి ఈ అభిరుచిని కీర్తించడం సమంజసం కాదు.

మరి ఇంత కష్టపడి పోషించే విద్యను పూర్తి వృత్తిగా ఎందుకు స్వీకరించరాదు? కొందరు స్వీకరించారు, కీర్తి గడించారు. కాని వృత్తిగా మారిన మరుక్షణం యజమాని అభిరుచి, గిరాకీ, అమ్మకం అనేవి మధ్యలో నిలుస్తాయి. జనం ఎరిగిన పాటనే మళ్ళీ మళ్ళీ వేయవలసి వస్తుంది. బతుకుతెరువు వేరొక చోట ఉన్నవానికి ఆ నిర్బంధం లేదు. అతడు ఎవరూ ఎరుగని పాటను ధైర్యంగా వినిపించగలడు. విఫలమైతే ఆ రాత్రి మాత్రమే విఫలమవుతుంది. అతని పొయ్యి ఆరిపోదు.

లోకానికి మేలు చేసిన సేకర్తలు అనేకులు ఇట్టివారే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. పగలు కచేరీ వ్యవహారాలు, మిగిలిన వేళ తెలుగు తాళపత్రాలు. కడపలో సొంత ఖర్చుతో పండితులను పోషించి ప్రతులు వ్రాయించి, అప్పులపాలై కూడా ఆ పని మానలేదు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో అచ్చువేయించారు. ఆనాడు ఆయనను చూసి ‘చెదలు పట్టిన ఆకులు పోగుచేస్తున్నాడు’ అని నవ్వినవారు ఉండే ఉంటారు. తాళపత్రానికి, వినైల్ ప్లేటుకు గౌరవంలో భేదం ఉండవచ్చు. కాని ఉపేక్షలో పడి నశిస్తున్న దానిని చేరదీసే చేతికి భేదం లేదు.

మంటలలో మిగిలిన పాట

ఉపేక్ష కంటె భయంకరమైనది ద్వేషం. 1979 జూలై 12న అమెరికాలోని షికాగో నగరంలో కొమిస్కీ పార్కు అనే బేస్‌బాల్ మైదానంలో ఒక విచిత్రమైన ఘట్టం జరిగింది. ఒక డిస్కో రికార్డు తెచ్చి ఇచ్చినవారికి 98 సెంట్లకే ప్రవేశమని ప్రకటించారు. సుమారు 50,000 మంది వచ్చారు. రెండు ఆటల మధ్య విరామంలో ఆ రికార్డులను ఒక పెట్టెలో కుప్పపోసి, మందుగుండుతో పేల్చివేశారు. వేలాది జనం మైదానంలోకి దూకి విధ్వంసం సృష్టించారు. రెండవ ఆట జరగనే లేదు. ఆ నాడు తెచ్చినవాటిలో డిస్కో కాని రికార్డులు, కేవలం నల్లజాతి కళాకారులు పాడినవైనందున తెచ్చినవి, చాలా ఉన్నాయని అక్కడ పనిచేసిన ఒక నల్లజాతి యువకుడు తరువాతి కాలంలో చెప్పాడు. ఒక సంగీతం నచ్చకపోవడం ఎవరి స్వాతంత్ర్యం వారిది. కాని నచ్చని సంగీతాన్ని గుంపుగా చేరి కాల్చడంలో సంగీతం మీది అయిష్టం కంటె, దానిని పాడినవారి మీద, దానికి ఆడినవారి మీద ఉన్న అసహనమే ఎక్కువగా కనిపిస్తుంది.

దాని తరువాత పెద్ద కంపెనీలు డిస్కో పేరు ఎత్తడానికే వెనుకాడాయి. కాని డీజేల ఇండ్లలోని పెట్టెలు ఖాళీ కాలేదు. అదే షికాగోలో 1977 నుంచి ‘వేర్‌హౌస్’ అనే నాట్యశాలలో ఫ్రాంకీ నకుల్స్ అనే డీజే రికార్డులు వినిపిస్తున్నారు. కొత్త డిస్కో పాటలు రావడం తగ్గినప్పుడు ఆయన పాత పాటలనే కోసి, అతికి, దరువులు చేర్చి కొత్త రూపమిచ్చారు. ఆ నాట్యశాల పేరులోని చివరి భాగమే ‘హౌస్’ అనే సంగీత శాఖకు పేరైందని ప్రసిద్ధి. రికార్డులను పేల్చిన ఊరిలోనే ఆ రికార్డుల వారసత్వం మళ్ళీ చిగిర్చి ప్రపంచమంతటా అల్లుకున్నది.

భారతీయ సంగీతానికి కూడా ఒక సేకర్త చేసిన మేలు ఉన్నది. బొంబాయి చలనచిత్ర వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువుతో, అప్పుడే వచ్చిన ఎలక్ట్రానిక్ వాద్యాల మీద పలికించి ఒక ఎల్‌పీ వెలువరించారు. అది ఆనాడు అమ్ముడుపోలేదు, మరుగున పడిపోయింది. రెండు దశాబ్దాల తరువాత నెదర్లాండ్సుకు చెందిన ఒక రికార్డుల సేకర్త భారతదేశంలో పాత ప్లేట్లు వెదుకుతూ దానిని కనుగొన్నాడు. విని, విలువ గ్రహించి, కళాకారుని వెదికి పట్టుకున్నాడు. 2010లో ఆ రికార్డు మళ్ళీ వెలువడింది. పాశ్చాత్య దేశాలలో 1980ల చివర పేరుకెక్కిన ‘యాసిడ్ హౌస్’ సంగీతపు పోలికలు అందులో అంతకు కొన్నేళ్ళ ముందే ఉన్నాయని విని విమర్శకులు ఆశ్చర్యపోయారు. చరణ్‌జిత్ సింగ్ వృద్ధాప్యంలో ఐరోపా వేదికలపై వాయించి, 2015లో కన్నుమూశారు. ఒక్క శ్రోత చెవి ఒక కళాకారునికి అతని జీవితకాలంలోనే న్యాయం చేకూర్చింది.

కొన్ని ఆక్షేపణలు

ఇంత చెప్పినా కొన్ని ఆక్షేపణలు మిగులుతాయి. వాటిని తప్పించుకోవడం ఉచితం కాదు. మొదటిది: లక్షల పాటలు చేతిలోని ఫోనులో ఉండగా ఈ బరువెందుకు? నిజమే, పేద విద్యార్థికి సైతం ప్రపంచ సంగీతాన్ని అందించిన ఘనత డిజిటల్ సాంకేతికతది. ధ్వని నాణ్యత విషయంలో కూడా వినైలే శ్రేష్ఠమని వాదించడం అభిమానమే గాని శాస్త్రం కాదు. అందులో చిటపటలున్నాయి, అరుగుదల ఉన్నది. కాని అన్ని పాటలూ డిజిటల్ రూపంలోకి రాలేదు. వచ్చినవి కూడా హక్కుల వివాదాల వల్ల ఒకనాడు మాయం కావచ్చు. అంతకంటె ముఖ్యమైనది, సమృద్ధి శ్రద్ధను చంపుతుంది. ఒక ప్లేటు వేసినవాడు ఇరవై నిమిషాలు కూర్చుండి వింటాడు. వేలితో పాటలు తోసేవాడు ఇరవై క్షణాలు కూడా నిలువడు.

రెండవది: వినైల్ ప్లాస్టిక్కే, అది నేలలో కలిసిపోదు. ఈ ఆక్షేపణ సమంజసమైనది. అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం లెక్కల ప్రకారం 2022లో ఆ దేశంలో సుమారు 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడుపోయాయి. సీడీలు 3 కోట్ల 30 లక్షలే. 1987 తరువాత వినైల్ సంఖ్యలో సీడీలను మించడం అదే మొదటిసారి. ఈ పునరుజ్జీవనం సంతోషకరమే గాని, వినకుండా అలంకారంగా గోడకు తగిలించేవారు కూడా కొనుగోలుదారులలో ఉన్నారు. పాత ప్లేటును కాపాడడం పర్యావరణానికి మేలు. అక్కరలేని కొత్త ప్లేటును కొనడం కీడు. నిజమైన సేకర్త ఈ భేదం ఎరిగి ఉండాలి.

మూడవది అన్నిటికంటె తీవ్రమైనది: చెవి ఆరోగ్యం. అమెరికా జాతీయ వృత్తి భద్రత, ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం 85 డెసిబెళ్ళ ధ్వనిలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదు. 100 డెసిబెళ్ళ ధ్వనిలో అయితే 15 నిమిషాలే హద్దు. నాట్యశాలలలోని ధ్వని ఈ హద్దును సులభంగా దాటుతుంది. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు. వినడమే విద్యగా కలవాడు వినికిడినే పోగొట్టుకోవడం కొమ్మ మీద కూర్చుండి మొదలు నరకడం వంటిది. అందుచేత వివేకం గల డీజే చెవులకు రక్షణ ధరిస్తాడు. ధ్వనిని హద్దులో ఉంచుతాడు. మంకూసో సైతం శబ్దతీవ్రత కంటె శబ్దస్వచ్ఛతకే ప్రాధాన్యమిచ్చారు.

పంచుకున్నప్పుడే సంపద

సేకరణలో రెండు మార్గాలున్నాయి. ఒకటి, అరుదైన దానిని చేజిక్కించుకొని, ఇతరులకు దొరకనందుకు ఆనందించడం. రెండవది, అరుదైన దానిని చేజిక్కించుకొని, ఇతరులకు వినిపించే క్షణానికై తహతహలాడడం. మొదటిది లోభం, రెండవది రసజ్ఞత. కేవలం సేకర్తగా మిగిలినవాడు మొదటి మార్గంలో జారిపోయే ప్రమాదం ఉన్నది. అతనిని డీజే వృత్తి కాపాడుతుంది. ఎంతటి అరుదైన ప్లేటైనా శనివారం రాత్రి పదిమంది నడుమకు రావలసిందే. ముల్లు కింద కొంచెం అరిగిపోవలసిందే. ఆ అరుగుదలయే దాని సార్థకత. అట్లే కేవలం డీజేగా మిగిలినవాడు గిరాకీకి దాసుడయ్యే ప్రమాదం ఉన్నది. అతనిని సేకరణ కాపాడుతుంది. ఈ రెండు గుణాలు ఒకే మనిషిలో కలవడం వల్లనే తీరిక సమయపు డీజే జీవితం వ్యసనం కాక వ్యాసంగం అవుతుంది.

కళాశాలలో చదివే యువతీయువకులందరూ రికార్డులు సేకరించనక్కరలేదు. డిస్కో సంగీతాన్ని ఇష్టపడనూ అక్కరలేదు. ఒకరు జానపద గేయాలను సేకరించవచ్చు. మరొకరు ఊరి శాసనాలను, తాతగారి ఉత్తరాలను, అంతరించిపోతున్న వరి విత్తనాలను సేకరించవచ్చు. ఉద్యోగం కడుపు నింపుతుంది. దాని పక్కన ఒక వ్యాసంగం ఉన్నవానికి మనసు కూడా నిండుతుంది. అయితే ఆ వ్యాసంగానికి శ్రమ, ఓర్పు, కుటుంబం పట్ల బాధ్యత, పదిమందితో పంచుకునే గుణం తోడు కావాలి. అవి లేనినాడు ఎంత గొప్ప సేకరణయైనా గది నిండిన సామానుగా మాత్రమే మిగులుతుంది.

ఈసారి వీధిలో ఊరేగింపు సాగుతూ కిటికీలు కంపించినప్పుడు, ‘డీజే’ అనే మాటకు మరొక అర్థం ఉన్నదని గుర్తు చేసుకోవాలి. దూరదేశంలో ఒక గుమస్తా పగలంతా పనిచేసి వచ్చి, ప్లేటు మీది ధూళిని మెల్లగా తుడిచి, అంచును అరచేతుల నడుమ పట్టి, పీఠం మీద ఉంచుతాడు. ఎన్నడో గతించిన గాయని కంఠం గాడిలో నుంచి లేచి గది అంతా పరచుకుంటుంది. ఎదుట ఉన్న అపరిచితులు ఒకరి ముఖం ఒకరు చూచి నవ్వుకుంటారు. అతడు మాత్రం తల వంచి, ఒక చెవితో ఈ పాటను, మరొక చెవితో రాబోయే పాటను వింటూ ఉంటాడు.